పియెతాని కాపాడింది అద్దం కాదు, అచ్చు

రోమ్‌లో సెయింట్ పీటర్స్ బసిలికాలోకి అడుగు పెట్టగానే కుడిచేతి వైపు మొట్టమొదటి చాపెల్‌లో అద్దం వెనకాల ఉంటుంది మైకెలాంజెలో చెక్కిన పియెతా. సిలువ మీద నుంచి దించిన కొడుకుని ఒళ్ళో పడుకోబెట్టుకున్న మరియమాత. మన తెలుగు కతోలిక కుటుంబాల్లో పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం సిలువ మార్గం చేస్తూ పదమూడవ స్థలం దగ్గర మోకరించేది ఈ దృశ్యానికే కదా. గుణదల కొండ ఎక్కినవాళ్ళకి కూడా మరియతల్లి ముందు నిలబడితే మనసు ఎలా ఉంటుందో తెలుసు. కాబట్టి నేను ఈ శిల్పాన్ని ఆర్ట్ పీస్‌లా మాత్రమే చూడలేను, కానీ దాని వెనకున్న పనితనం గురించి చదివేకొద్దీ అది చెక్కినవాళ్ళ మీద ఎంత గౌరవమో, విరిగాక బాగు చేసినవాళ్ళ మీద కూడా అంతే గౌరవం కలిగింది. ఈ పోస్టు ఎక్కువగా ఆ రెండోవాళ్ళ గురించి.

ముందు కొంచెం నేపథ్యం. ఇది చేయించింది జాన్ ద బిలేర్ అనే ఫ్రెంచి కార్డినల్, తన సమాధి దగ్గర పెట్టడానికి. అగ్రిమెంటు తేదీ 1498 ఆగస్టు 27. ధర 450 బంగారు డుకాట్లు, గడువు ఒక్క ఏడాది. ఈ కుర్రాడు చేసేది ఇవాళ రోమ్‌లో ఉన్న పాలరాతి పనులన్నిట్లోకీ అందమైనది అవుతుంది, బతికున్న ఏ శిల్పీ ఇంతకన్నా బాగా చెయ్యలేడు అని యాకొపో గల్లి అనే బ్యాంకరు ఆ కాయితంలోనే హామీ ఇచ్చాడు. అప్పటికి మైకెలాంజెలో వయసు 23. రాయి కోసం తనే కరారా క్వారీలకి వెళ్ళాడు. కార్డినల్ మాత్రం 1499 ఆగస్టులో పోయారు. మరియమాత ఛాతీ మీదుగా అడ్డంగా వెళ్ళే పట్టీ మీద శిల్పి పేరు ఉంటుంది చూడండి, ఆయన సంతకం చేసిన ఏకైక శిల్పం ఇదే, ఎవరో దీన్ని వేరే శిల్పి చేశాడని అనుకోవడం విని రాత్రికి రాత్రి వచ్చి పేరు చెక్కాడని పాత కథ ఒకటి ప్రచారంలో ఉంది. కథ నిజమో కాదో గానీ ఆ అక్షరాలు మాత్రం బట్ట ముడతల్లోకి మడతపడి సగం దాక్కుంటాయి, పట్టీ నిజంగానే గుడ్డ అన్నట్టు.

ఇంకో విషయం, ఆమె ముఖం ముప్పై మూడేళ్ళ కొడుకున్న తల్లి ముఖంలా ఉండదు, చిన్నపిల్లలా ఉంటుంది. ఇది అప్పట్లోనే అడిగారట. పవిత్రంగా బతికిన స్త్రీకి వయసు మీద పడదు అని మైకెలాంజెలో తన శిష్యుడికి చెప్పాడు. దీని మీద ఇప్పటికీ రకరకాల వాదనలు జరుగుతుంటాయి, నాకు మాత్రం ఆ జవాబు చాలు.

నేను మిమ్మల్ని చూడమనేది చేతులు. కుడిచెయ్యి కొడుకు చంక కింద నుంచి పట్టుకుంటుంది, కానీ చర్మాన్ని నేరుగా తాకదు, మధ్యలో వస్త్రం ఉంటుంది, పూజలో పవిత్రమైన వస్తువుల్ని గుడ్డతో పట్టుకున్నట్టే. అయినా ఆ గుడ్డ పైనుంచే వేళ్ళు నొక్కుకుని, వేళ్ళ మధ్యలో కండ కొంచెం ఉబుకుతుంది. రాయి అది! చనిపోయిన శరీరం బరువు ఎటు జారుతుందో ఆ ఒక్క చోట చూస్తే తెలిసిపోతుంది. ఎడమచెయ్యి దీనికి పూర్తిగా వేరు. అది దేన్నీ పట్టుకోదు. మోచేతి నుంచి బయటికి వచ్చి, అరచెయ్యి పైకి తెరుచుకుని, ఇదిగో చూడండి అన్నట్టు ఖాళీగా ఉంటుంది. మొత్తం శిల్పం ఒళ్ళూ బట్టా కలిసి ఒక ముద్దగా కూర్చుంటే, ఈ ఎడమచెయ్యి ఒక్కటే ఆసరా లేకుండా గాల్లోకి చాచి ఉంటుంది. పాలరాయి ఎంత బరువు పైన పెట్టినా మోస్తుంది గానీ పక్కనుంచి దెబ్బ తగిలితే, వంచినట్టు ఒత్తిడి పడితే తట్టుకోలేదు, బయటికి చాచిన సన్నటి భాగం ముందు విరుగుతుంది. అలా ఇది రెండుసార్లు విరిగింది.

మొదటిసారి 1736లో. ఈ శిల్పం మొదటినుంచీ ఇక్కడ లేదు, పాత బసిలికాని ఆనుకుని ఉన్న సాంత పెత్రొనిల్లా చాపెల్‌లో ఉండేది. కొత్త బసిలికా కట్టడానికి దాన్ని పడగొట్టేశారు. అక్కడినుంచి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతూ వచ్చి ఇప్పుడున్న చోటికి చేరింది 18వ శతాబ్దంలో. ఆ మార్పుల్లో ఎడమచేతి వేళ్ళు నాలుగు విరిగిపోతే జుసెప్పె లిరియోని అనే శిల్పి అతికించాడు. అంటే మనం ఫోటోల్లో చూసి మైకెలాంజెలో వేళ్ళు అని మురిసిపోయే వాటికి దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటే రిపేరు జరిగింది.

1964లో అయితే ఏకంగా సముద్రమే దాటించారు. న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో వాటికన్ పెవిలియన్‌లో పెట్టడానికి ఇరవై మూడో జాన్ పోపుగారు ఒప్పుకున్నారు. దాదాపు 3 టన్నుల రాయి, నాలుగున్నర శతాబ్దాల వయసు, ఓడలో అట్లాంటిక్ మీద! ఓడ పేరు క్రిస్తోఫొరో కొలంబో, 1956లో మునిగిపోయిన ఆంద్రియా దోరియా ఓడకి తోడబుట్టింది. పెట్టె నిండా చిన్న చిన్న థర్మోకోల్ గుండ్లు పోసి, ఒకవేళ ఓడ మునిగినా పెట్టె నీళ్ళమీద తేలేలా తయారుచేశారు. అక్కడ నీలం తెరల మధ్య దీపాలు పెట్టి, జనం ఆగకుండా కదిలే బాటల మీద నిలబడి చూసి వెళ్ళేలా ఏర్పాటు చేశారు. లక్షల మంది చూశారు, రోమ్ ఎప్పటికీ వెళ్ళలేని మామూలు మనుషులు. ఆ ఒక్క కారణానికి ఆ ప్రయాణం మంచిదే అనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను, ఏమన్నా అయ్యుంటే ఏ ఇన్సూరెన్స్ డబ్బు దాన్ని తిరిగి తెచ్చేది? కానీ నన్ను ఆపేసిన విషయం ఇంకోటి. న్యూయార్క్‌లో దాని ముందు తూటా దూరని ప్లెక్సీగ్లాస్ పెట్టారు. 1965లో క్షేమంగా ఇంటికి తిరిగొచ్చాక ఆ అద్దం లేదు. మన ఇంట్లో మనల్ని ఎవరేం చేస్తారులే అన్న ధైర్యం.

1972 మే 21, పెంతెకోస్తు పండుగ ఆదివారం. లాజ్లో తోత్ అనే మనిషి, హంగరీలో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన జియాలజిస్టు, వయసు 33, రెయిలింగ్ దాటి ఎక్కి, నేనే తిరిగి లేచిన యేసుక్రీస్తుని అని అరుస్తూ సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. డజనుకి పైగా దెబ్బలు. ఎడమచెయ్యి మోచేతి దగ్గర విరిగి కిందపడి, ఆ పడటంలో వేళ్ళు మళ్ళీ విరిగాయి. ముక్కు పోయింది, ఎడమ కనురెప్ప చెదిరింది. అక్కడున్న యాత్రికుల్లో ఒకడైన బాబ్ కాసిలీ అనే అమెరికన్ శిల్పి మీదికి ఎక్కి అతన్ని లాగేశాడు. తోత్‌కి మతి స్థిమితం లేదని తేలింది, జైలుకి పంపలేదు, ఆసుపత్రిలో ఉంచి 1975లో ఆస్ట్రేలియా పంపేశారు. అది సరైన పనే అనుకుంటాను, రోగం ఉన్న మనిషి మీద పగ ఏంటి.

నేల మీద పడ్డ తునకలు దాదాపు వంద ఏరారు. కొన్ని గోరంత ఉన్నాయి. గందరగోళంలో కొన్ని తునకల్ని జనం ఏరుకుని పట్టుకెళ్ళిపోయారు కూడా, వాటిల్లో కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. దేవుడి తల్లి ముఖం నుంచి రాలిన ముక్కని జేబులో వేసుకుని ఎలా నిద్రపోయారో నాకు అర్థం కాదు. బహుశా భక్తితోనే తీసుకుని ఉంటారు, అది ఇంకా బాధగా ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న వచ్చింది, దీన్ని ఏం చెయ్యాలి? అప్పట్లో మూడు రకాల అభిప్రాయాలు గట్టిగా వినిపించాయి. మొదటిది, అసలు ముట్టుకోవద్దు, విరిగింది విరిగినట్టే ఉంచండి, మన కాలం చేసిన హింసకి సాక్ష్యంగా ఉంటుంది అని. రెండోది, అతికించండి గానీ కొత్తగా చేర్చిన భాగం ఏదో చూసేవాళ్ళకి తెలిసేలా ఉంచండి అని, ఇటలీలో చెజారె బ్రాందీ లాంటి పెద్దలు నేర్పిన పద్ధతికి దగ్గరది ఇది, దూరం నుంచి కలిసిపోవాలి, దగ్గరికి వస్తే ఏది పాతదో ఏది కొత్తదో కనిపెట్టగలగాలి, లేకపోతే అది చరిత్రని అబద్ధం చెయ్యడం అవుతుంది అని. మూడోది, మొత్తం ముందెలా ఉందో అలా చెయ్యడం, అతుకు కనపడకుండా.

మామూలుగా నేను రెండోదానివైపే ఉంటాను. అమరావతి శిల్పాలే తీసుకోండి, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై మ్యూజియంలో ఉన్న పలకల మీద ఎన్ని ముఖాలు చెదిరిపోయాయి, ఎన్ని చేతులు లేవు, వాటికి ఇప్పుడు ఎవరన్నా కొత్త ముక్కులు పెడతామంటే మనమే గొడవ చేస్తాం కదా, ఎందుకంటే ఆ విరగడం కూడా వాటి చరిత్రే అయిపోయింది. కానీ పియెతా మ్యూజియంలో లేదు. దాని ముందు పూజ జరుగుతుంది, జపమాల చెప్పుకుంటారు. మన గుళ్ళలో మూలవిరాట్టు భిన్నమైతే ఆగమం ఎందుకంత కఠినంగా ఉంటుందో ఆలోచిస్తే ఇది వెంటనే తెలుస్తుంది, ముక్కు లేని మరియమాత ముందు మోకరించినవాళ్ళ కళ్ళు ఆమె దుఃఖం మీద నిలవవు, దెబ్బ మీదే నిలుస్తాయి. ఆ సుత్తి పట్టుకున్నవాడి కథే శాశ్వతంగా ఆ ముఖం మీద ఉండిపోతుంది. అప్పుడు వాటికన్ మ్యూజియాల డైరెక్టరుగా ఉన్న దియొక్లేసియో రెదిగ్ ద కాంపొస్, బ్రెజిల్‌లో పుట్టినాయన, మూడో దారే ఎంచుకున్నారు. ఆయన ఎంచుకున్నది సరైనదని నేను గట్టిగా నమ్ముతాను.

అద్దంలా పాలిష్ చేసిన రాయి కాబట్టి కూడా వేరే దారి లేదు. మైకెలాంజెలో తర్వాతి పనుల్లో ఉలి గాట్లు అలాగే వదిలేశాడు గానీ దీన్ని మాత్రం వెలుగు జారిపోయేంత నున్నగా రుద్దాడు. కరారా పాలరాతికి ఒక గుణం ఉంది, దాని మీద పడ్డ వెలుతురు పైపైనే తిరిగిపోకుండా కొంచెం లోపలికి వెళ్ళి బయటికొస్తుంది, అందుకే చర్మంలా కనిపిస్తుంది. దాంట్లో ఒక చోట ప్లాస్టర్ నింపారనుకోండి, రంగు ఎంత కలిపినా ఆ చోటు చచ్చిపోయినట్టు కనపడుతుంది. కాబట్టి దొరకని తునకల చోట పాలరాతి పొడిని పోలియెస్టర్ రెసిన్‌లో కలిపి నింపారు. శిల్పాన్ని లాబ్‌కి తీసుకెళ్ళలేదు, చాపెల్‌నే మూసేసి అక్కడే లాబ్ పెట్టుకున్నారు, ఇంకోసారి కదిలించే ప్రమాదం లేకుండా. దాదాపు పది నెలలు పట్టింది.

సరే, రెసిన్ ఉంది, ఓపిక ఉంది, కానీ కనురెప్ప వంపు ఎంత ఉండాలో ఎలా తెలుస్తుంది? ఫోటో చూసి చెయ్యలేరు, ఫోటోలో లోతు ఉండదు. ఎవరో ఒక శిల్పి తన ఊహతో చేస్తే అది ఆయన ముక్కు అవుతుంది, మైకెలాంజెలో ముక్కు కాదు. ఇక్కడే అచ్చు ఆదుకుంది. ఈ దాడికి చాలా ఏళ్ళ ముందే, అసలు ఇలాంటిది జరుగుతుందని ఎవరూ అనుకోని రోజుల్లో, శిల్పం నుంచి తీసిన ప్లాస్టర్ అచ్చు వాటికన్‌లో ఉంది. తునకని పట్టుకుని అచ్చు మీద సరిచూసుకోవడం, లేని చోట అచ్చు కొలతతో నింపడం, అంతే. ఆ అచ్చు తీసినవాళ్ళు ఏదో రోజువారీ పనిలా చేసి ఉంటారు, వాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు, కానీ ఇవాళ మనం చూసే ముఖం వాళ్ళ పుణ్యం.

ఆ తర్వాత అద్దం వచ్చింది. ఈ మధ్యే, 2025 జూబిలీకి (కతోలిక సభ పవిత్ర సంవత్సరానికి) ముందు, 2024లో పాత అద్దం తీసేసి ఇంకా గట్టిదీ ఇంకా స్పష్టంగా కనపడేదీ బిగించారు. అద్దం గురించి జనం సణుగుతుంటారు, దూరం అయిపోయింది, ఫోన్ల ఫ్లాషులు మెరుస్తున్నాయి, వెనక నుంచి తోసుకుంటున్నారు అని. నిజమే, నేను కూడా ఒక మూల నిలబడి తలల సందుల్లోంచి ఎడమచెయ్యి కోసం వెతుక్కున్నాను. అయినా ఉండాల్సిందే. జరిగింది చదివినవాళ్ళెవరూ అద్దం తీసెయ్యమని అడగరు.

ఇక ఫ్లోరెన్స్ సంగతి చెప్పకుండా ఈ పోస్టు పూర్తవ్వదు. మైకెలాంజెలో 72 ఏళ్ళ వయసులో, 1547 ప్రాంతంలో ఇంకో పియెతా మొదలుపెట్టాడు, ఇప్పుడది ఫ్లోరెన్స్ మ్యూజియంలో ఉంది, ఎవరూ అడక్కుండా, తన సమాధి కోసం. అందులో నలుగురు, యేసు, మరియమాత, మగ్దల మరియ, వెనకాల ముసుగు వేసుకున్న నికొదేము. ఆ నికొదేము ముఖం ముసలి మైకెలాంజెలోదే. 1555 ప్రాంతంలో రాయి మీద విసుగొచ్చి తనే సుత్తితో పగలగొట్టాడని చెబుతారు, తర్వాత శిష్యుడు తిబేరియో కల్కాన్యి అతికించాడు, ఫ్రాంచెస్కో బందీని కొనుక్కున్నాడు, అందుకే బందీని పియెతా అంటారు. యేసు ఎడమకాలు ఇప్పటికీ లేదు. దాన్ని ఎవరూ పెట్టలేదు, పెట్టకూడదు కూడా. ఇక్కడ మాత్రం విరిగింది విరిగినట్టే ఉండాలి, ఎందుకంటే ఆ లోటు పెట్టింది శిల్పే, అది ఆయన చేసిన నిర్ణయం.

ఈ శిల్పాన్ని 2019 నవంబరు నుంచి 2021 దాకా, మధ్యలో కోవిడ్ ఆపుతూ, పౌలా రోసా అనే రెస్టోరర్ బృందం శుభ్రం చేసింది, మ్యూజియంకి వచ్చినవాళ్ళంతా చూస్తుండగానే. దూది పుల్లల్ని గోరువెచ్చటి శుద్ధి చేసిన నీళ్ళలో ముంచి అంగుళం అంగుళం తుడవడం, గట్టిపడ్డ మైనాన్ని స్కాల్పెల్‌తో జాగ్రత్తగా గీకడం. అంతే, ఏ ఆసిడ్ లేదు. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్ కదా, ఆసిడ్ తగిలితే కరిగిపోతుంది, మన ఇళ్ళల్లో మార్బుల్ గట్టు మీద నిమ్మకాయ పిండితే మరక పడేది అందుకే. ఈ పనిలో బయటపడినవి చూడండి: రాయి అందరూ అనుకున్నట్టు కరారాది కాదు, ఫ్లోరెన్స్‌ని ఏలిన మెదీచీ కుటుంబం వాళ్ళ సెరవెజ్జా క్వారీలది. లోపల పైరైట్ అనే ఇనుప ఖనిజం రేణువులున్నాయి, అంటే ఉలి తగిలితే నిప్పురవ్వలు లేచే రాయి. సన్నటి పగుళ్ళు చాలా ఉన్నాయి, అడుగున ఒకటి ముందూ వెనకా రెండు వైపులా కనపడుతుంది. సుత్తి దెబ్బల ఆనవాళ్ళు మాత్రం దొరకలేదు. కాబట్టి కోపంతో పగలగొట్టాడన్న కథ కన్నా, రాయి ఇక సహకరించదని తెలిసి వదిలేశాడన్నదే ఎక్కువ నమ్మదగ్గదిగా వాళ్ళకి అనిపించింది. దూదితో దుమ్ము తుడుస్తూ 450 ఏళ్ళ కథని తిరగరాయడం అంటే ఇదీ.

కానీ అసలు ఆ శిల్పం అంత మురికిగా ఎందుకైందో తెలుసా? 1882లో దాని నుంచి ప్లాస్టర్ అచ్చు తీశారు. అచ్చు తీశాక ప్లాస్టర్ పొడి సందుల్లో ఉండిపోయింది, అది పోగొట్టడానికి ఘాటైన పదార్థాలు వాడారు, దాంతో రాయి మరీ తెల్లబడిపోతే దాన్ని కప్పెయ్యడానికి మైనం పట్టించారు, ఆ మైనం ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కి గోధుమరంగయ్యింది. రోమ్‌లో పియెతాని కాపాడిన పనే ఫ్లోరెన్స్‌లో పియెతాకి దెబ్బ అయింది. ఇది చదివాక అచ్చు మంచిదా చెడ్డదా అని కొంతసేపు తేల్చుకోలేకపోయాను. తేలింది ఏంటంటే, కొలత మన దగ్గర ఉండి తీరాలి, దానికోసం రాయిని ముట్టుకోకూడదు. 1990లలోనే జాక్ వాసర్‌మన్ అనే కళా చరిత్రకారుడు ఐబీఎం ఇంజినీర్లతో కలిసి బందీని పియెతాని త్రీడీ స్కాన్ చేయించాడు, వెలుతురుతోనే, చుక్క ప్లాస్టర్ లేకుండా. ఇప్పుడు ఫోన్లతోనే చుట్టూ ఫోటోలు తీసి మోడల్ చెయ్యొచ్చు. మన ఊళ్ళలో పాత గుళ్ళలో, చర్చిల్లో, శ్మశానాల్లో ఎన్ని రాతి బొమ్మలున్నాయి, వాటిల్లో ఒక్కదానికైనా ఇలాంటి కొలత ఎవరి దగ్గరన్నా ఉందా? పండగకి రంగు వెయ్యడానికి చందా పోగు చేస్తాం గానీ దీనికి ఎవరూ అడగరు. మీ ఊరి బొమ్మ దగ్గరికి ఈసారి వెళ్ళినప్పుడు, పెద్దల అనుమతి తీసుకుని, పగటి వెలుగులో నాలుగు వైపులా, పైనుంచి కిందనుంచి, ఒకదాని మీద ఒకటి కొంచెం కలిసేలా ఒక యాభై అరవై ఫోటోలు తీసి పెట్టండి. దాని మోడల్ ఎవరైనా తర్వాతైనా చేసుకోవచ్చు.

రోమ్ వెళ్ళేవాళ్ళకి ఒక మాట. వాటికన్ మ్యూజియం టికెట్ కొంటే అందులోనే పినకొతెకా అనే పెయింటింగుల విభాగం వస్తుంది, అందరూ సిస్టీన్ చాపెల్ కోసం పరిగెత్తి దీన్ని వదిలేస్తారు. అక్కడ పియెతా ప్లాస్టర్ కాపీ ఉంటుంది, ముందు అద్దం లేదు, దగ్గరికి వెళ్ళి నిలబడొచ్చు. చంక కింద వేళ్ళు, పట్టీ మీది అక్షరాలు, ఎడమచెయ్యి ముందు అక్కడ తీరిగ్గా చూసుకుని, ఆ తర్వాత బసిలికాకి వెళ్ళండి. పొద్దున్నే తలుపులు తెరిచే వేళకి వెళ్తే జనం పల్చగా ఉంటారు.